బండి ఆగిందని నమ్మిన ఒకే ఒక్కడు

నా మాట ఇప్పటిదాకా ఒక్క మనిషి తప్ప ఎవరూ చివరిదాకా వినలేదు. ఇంట్లో మొదలుపెడితే నా భార్య "మళ్ళీ ఆ కారు కథేనా" అని కూరల బుట్ట పట్టుకుని వంటగదిలోకి వెళ్ళిపోతుంది. చర్చి ముందు మొదలుపెడితే మావాళ్ళు వందనాలు చెప్పి చెప్పులు వెతుక్కుంటారు. ఇక మా బావ, అంటే నా భార్య అన్నయ్య, నేను నోరు తెరవకముందే నవ్వుతాడు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద ఉన్న మాటకి అడ్డం రావడం ఎవరివల్లా కాదు.

అనకాపల్లిలో బెల్లం మార్కెట్‌కి వెళ్ళే దారిలో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. రీళ్ళ కాలం చివరి రోజులు. డిజిటల్ కెమెరా గురించి వినడమే కాని చేత్తో పట్టుకున్నవాళ్ళు తక్కువ. పాస్‌పోర్టు ఫోటోలతో స్టూడియో అద్దె గడిచేది. ఇల్లు గడవాలంటే పెళ్ళిళ్ళకి వెళ్ళాలి. పెళ్ళిళ్ళు ఊరూరా ఉంటాయి కాబట్టి, లైట్లూ స్టాండ్లూ మోసుకుని బస్సులెక్కలేక ఒక పాత కారు కొన్నాను. చిన్న తెల్ల కారు, పెట్రోలుది. కార్బొరేటర్ లేని కొత్త రకం ఇంజను. అన్నీ లోపలున్న కంప్యూటరే చూసుకుంటుందని అమ్మినాయన చెప్పాడు.

కొనేముందు బండిని మా బావకి చూపించాను. ఆయన బస్సు డ్రైవరు. విశాఖపట్నం నుంచి తుని దాకా, తుని నుంచి విశాఖపట్నం దాకా, మా కుటుంబంలో చక్రం ఉన్న ఏ వస్తువు గురించైనా ఆయన చెప్పిందే మాట. శారదా నది వంతెన దాకా తీసుకెళ్ళి, తిప్పుకుని వచ్చి, బానెట్ మీద అరచేత్తో తట్టాడు.

"బంగారం బావా. కళ్ళు మూసుకుని తీసుకో."

ఈ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకున్నాను.

కొన్న వేసవిలోనే బండి ఆగడం మొదలైంది. మొదటిసారి కశింకోట దాటాక. దగ్గలేదు, వణకలేదు. స్విచ్చి ఆపిన ఫ్యానులా ఇంజను ఊరుకుంది. లైట్లు వెలుగుతున్నాయి, హారను మోగుతోంది, తాళం తిప్పితే ఇంజను తిరుగుతోంది, కాని అందుకోవడం లేదు. రోడ్డు పక్కకి తోసి, తుమ్మచెట్టు నీడలో చాలాసేపు నిలబడి, చేసేదేం లేక మళ్ళీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఆ తర్వాత వారం దాకా మాట్లాడలేదు. మళ్ళీ ఆగింది.

బండి ఆగడం ఒక బాధ. ఎవరికైనా చూపించబోతే ఆగకపోవడం దానికి పదింతల బాధ.

విశాఖపట్నంలో అద్దాల గోడలున్న ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. టై కట్టుకున్న ఒకాయన కంప్యూటరు తగిలించి చూసి "నో ప్రాబ్లం సార్" అన్నాడు. నేను చెప్పబోతుంటే నా భుజం మీదుగా వెనకాయనతో మాట్లాడటం మొదలుపెట్టాడు. అదీ మరిచిపోలేదు. కాని బావ అన్న మాట ముందు అది ఏపాటి? ఒక ఆదివారం నక్కపల్లిలో వాళ్ళింట్లో భోజనాల దగ్గర, నలుగురిలో విషయం ఎత్తాను.

"బండిది కాదు బావా తప్పు. నీ కాలుది. క్లచ్చు సరిగ్గా తొక్కకపోతే ఏ బండైనా ఆగిపోతాది."

"నడుస్తుండగా ఆగింది బావా. నాలుగో గేరులో."

"నాలుగో గేరులో నీకేటి పని?"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు. ఒకావిడకి పొలమారి మంచినీళ్ళు తాగించాల్సి వచ్చింది. నా భార్య నవ్వలేదు కాని, నవ్వు ఆపుకోవడం కోసం నా విస్తట్లో అడక్కుండానే అన్నం వడ్డించింది.

ఇక మా ఊరి టాక్సీ స్టాండు. అక్కడంతా అంబాసిడర్ డ్రైవర్లు, పాత కాపులు. నా గోడు విని వాళ్ళలో పెద్దాయన తల పంకించాడు.

"ఏటుంది బాబూ ఇందులో. ఎండకి పెట్రోలు ఆవిరైపోయి గొట్టంలో గాలి పడతంది. గోనె తడిపి ఇంజను మీద కప్పండి. సల్లబడ్డాక అదే లేత్తాది."

అంబాసిడర్లకి అది తిరుగులేని వైద్యం. ఎండాకాలంలో ఘాట్ ఎక్కే ప్రతివాడూ తడిగోనె పెట్టుకునేవాడు. బెల్లం మార్కెట్ పక్కన ఉన్నవాడికి గోనెలకేం కొదవ? ఒకటి తెచ్చుకున్నాను. బండి ఆగగానే డబ్బాలో నీళ్ళు పోసి తడిపి, ఇంజను మీద కప్పి, కాసేపు కూర్చుని తిప్పితే స్టార్టయ్యేది. వైద్యం దొరికిందనుకున్నాను. అయితే అది బెల్లం దిమ్మలు కట్టిన గోనె. తడిసినకొద్దీ దాని తీపి ఇంజను మీద కారింది. చీమలు వచ్చాయి. ముందు బానెట్ కింద, తర్వాత డ్యాష్‌బోర్డులో, చివరికి నా కెమెరా సంచిలో. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు గంధం రాసుకుంటుండగా నా ఫ్లాష్ లోంచి చీమలు దిగడం అందరూ చూశారు. అప్పటినుంచి స్టాండులో నా బండికి చీమల కారని పేరు. ఆ గోనె వైద్యం చెప్పినవాళ్ళే ఆ పేరూ పెట్టారు.

అదంతా సరే. గోలుగొండ పెళ్ళి సంగతి మాత్రం సరే కాదు. నర్సీపట్నం దారిలో, గోనె ఎన్నిసార్లు తడిపి కప్పినా, బండి ఆ రోజు ఎంతకీ లేవలేదు. లేచేసరికి ముహూర్తం దాటిపోయింది. పందిట్లోకి పరిగెత్తేసరికి తాళి కట్టడం అయిపోయి తలంబ్రాలు పోసుకుంటున్నారు. పెళ్ళికొడుకుని బతిమాలాను, ముడి మీద చేతులు పెట్టి ఒక్క క్షణం కూర్చో, కట్టినట్టే ఫోటో తీస్తానని. పెళ్ళికూతురి నాయనమ్మ చేతిలోని పళ్ళెం కింద పెట్టి నావైపు తిరిగింది.

"కట్టిన తాళి ఫోటోకోసం మళ్ళీ కడతారేటి బాబూ? నీ కారు ఆగిపోతే మా పిల్ల పెళ్ళి ఆగాలా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. కాని తాళి లేని ఆల్బమ్ ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా పేరు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వినపడుతూనే ఉంటుంది. ఆ తర్వాత అటునుంచి నాకు పెళ్ళిళ్ళు రావడం తగ్గిపోయింది. బండి ఆగిందని చెబితే, ఆలస్యంగా లేచినవాడు చెప్పే సాకులా విన్నారు.

అలా ఉన్న రోజుల్లో మా బావ కూతురి పెళ్ళి కుదిరింది. నక్కపల్లి చర్చిలో. ఆ పిల్లకి బారసాల నుంచి మెట్రిక్ దాకా ప్రతి ఫోటో నేను తీసిందే. పెళ్ళి ఫోటోలు నేను కాక ఇంకెవరు తీస్తారు? రీళ్ళు కూడా తెచ్చి పెట్టుకున్నాను. బావ శుభలేఖ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుని, గ్లాసువైపే చూస్తూ అన్నాడు.

"ఫోటోలకి తుని నుంచి ఒకడు వస్తన్నాడు బావా. నువ్వు దర్జాగా పెళ్ళిపెద్దలా కూకో."

"అదేం బావా?"

"మరేటి సెయ్యమంటావు. నీ బండి ఏ ఎలమంచిలి కాడో ఆగిపోతే? ఉన్నది ఒక్క కూతురు."

"బండి బంగారం అన్నావు కదా?"

"బంగారమే."

"మరి ఆగిపోతుందంటున్నావు?"

"కాఫీ సల్లారిపోతంది బావా" అని ఆయన తాగేశాడు. చల్లారుతున్నది నా కాఫీ.

ఆ రాత్రి భోజనం చేయలేదు. ఆ పెళ్ళిలోపు ఈ బండి రోగమేమిటో తేల్చి, దాన్ని ఆగకుండా నక్కపల్లి చర్చి ముందు నిలబెట్టాలని నిర్ణయించుకున్నాను. ఫోటోలు ఇప్పించుకోవడానికి కాదు. అడిగి తీసుకునే పని నాకు వద్దు. నేను అబద్ధం చెప్పలేదని, నా కాలు తప్పు లేదని తేలాలి. అంతే.

ఇక్కడ ఆ మనిషిని పరిచయం చేస్తాను. కశింకోట రోడ్డులో రేకుల షెడ్డు. అందులో ఒక మెకానిక్. లావుపాటి మనిషి, గొంతు షెడ్డు అవతల చెరకు లారీల మోతకంటే పెద్దది. వినయం ఆయన దగ్గర వెతికినా దొరకదు. "అనకాపల్లిలో ఇంజను ఇప్పాలంటే నేను. నా తరవాత కూడా నేనే" అని వచ్చినవాడికల్లా చెప్పేవాడు. చెరకు గానుగల ఆయిల్ ఇంజన్లు బాగుచేసి పైకి వచ్చాడు. కంప్యూటరు ఇంజన్లు వచ్చాక మిగతా షెడ్లవాళ్ళు అవి మాకొద్దని పంపేస్తుంటే, ఈయన మాత్రం పాడైపోయిన ఒక ఇంజను కొని, ఖాళీ ఉన్నప్పుడల్లా విప్పి బిగించుకుంటూ నేర్చుకున్నాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయనా నా మాట సగమే విన్నాడు. "అర్థమైపోనాది" అని పెట్రోలు ఫిల్టరు మార్చి పంపేశాడు. రెండు రోజులు బాగా నడిచి బండి మళ్ళీ ఆగింది. నేను తగువుకి సిద్ధపడే వెళ్ళాను. దారిపొడుగునా అనాల్సిన మాటలు వరసగా పేర్చుకున్నాను. షెడ్డు ముందు బండి ఆపి, దిగి, మొదటి మాట అన్నానో లేదో ఆయన చెయ్యెత్తాడు.

"ఉండండి ఫోటో బాబూ. మళ్ళీ ఆగిందా?"

"ఆగింది."

"అయితే నేను తప్పు సెప్పేను. మీరు సెప్పింది నేను సరిగ్గా ఇననేదు." స్టూలు తెచ్చి వేశాడు. పక్క హోటల్లో రెండు టీలు చెప్పాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని ఎదురుగా పాత టైరు మీద కూర్చున్నాడు. "ఇప్పుడు మొదట్నుంచి సెప్పండి. ఏదీ వదలకండి."

నా జీవితంలో నాతో ఎవరైనా ఆ మాట అనడం అదే మొదలు. పేర్చుకున్న తిట్లన్నీ ఎటుపోయాయో తెలియదు. మొదట్నుంచి చెప్పాను. వంతెన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. బావ అన్న మాటలు కూడా చెప్పాను. వాటితో ఆయనకేం పని అనుకుని మధ్యలో ఆగితే, "సెప్పండి, సెప్పండి, నాలుగో గేరులో ఏటి పనని అన్నాడా!" అని తొడ మీద కొట్టుకున్నాడు. కాని నవ్వింది నన్ను చూసి కాదు. ఆ తేడా నాకు బాగా తెలుసు.

అప్పుడు అడగడం మొదలుపెట్టాడు. ఆగేముందు దగ్గిందా? లేదు. పొద్దున ఎప్పుడైనా ఆగిందా? లేదు. వానలో? లేదు. ఎంతసేపు నడిచాక? బాగా వేడెక్కాక. ఆఖర్న ఇంకొకటి అడిగాడు.

"గోనె కప్పకండా, ఊరికే అంతసేపూ ఆగి సూసేరా ఎప్పుడైనా?"

నేను ఆలోచించాను. మొదట్లో కశింకోట దగ్గర గోనె లేకుండానే లేచింది. గోనె వచ్చాక, గోనె లేకుండా ఎవడాగుతాడు?

"అదీ సంగతి. గోనెకి పేరు వచ్చీసింది, పని సేసింది మాత్రం మీరు ఆగిన టయిము. రేపు గోనె ఇంటికాడ వదిలేసి రండి. మద్యాన్నం ఎండలో పోదాం. అది ఆగేదాకా నేను దిగను."

మర్నాడు మిట్టమధ్యాహ్నం బయల్దేరాం. హైవే వెడల్పు చేస్తున్న రోజులు. ఎక్కడ చూసినా తవ్విన మట్టి, పక్కదార్లు, దుమ్ము. ఆయన నా పక్కన ఒళ్ళో ఒక స్పార్క్ ప్లగ్గు, కాళ్ళ దగ్గర నీళ్ళ సీసా పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీలు మూయించాడు, వేడి పెరగాలని. చెమటలు కారుతున్నాయి. కశింకోట దాటింది, ఆగలేదు. ఎలమంచిలి వచ్చింది, ఆగలేదు. జీవితంలో ఏనాడూ చేయని ప్రార్థన ఆ రోజు చేశాను. ప్రభువా, ఈ ఒక్కసారికీ ఈ బండిని ఆపు. పక్కన ఆయన కూడా డ్యాష్‌బోర్డుని బతిమాలుతున్నాడు. "ఆగవే తల్లీ, మనిషి నీ గురించి అబద్దం ఆడనేదని సూపించు."

తిరుగుదారిలో, ఒక మట్టికుప్ప పక్కన, అది ఊరుకుంది.

"ఆగిపోనాది! ఫోటో బాబూ, ఆగిపోనాది!" అని ఆయన నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. పాడైన బండి చూసి ఒక మనిషి అంత సంతోషించడం నేనెన్నడూ చూడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. దుమ్ము కూడా ఉంది.

ఇంజనుకున్న ఒక వైరుకి తన ప్లగ్గు తగిలించి, దాన్ని ఇనుముకి ఆనించి నన్ను తాళం తిప్పమన్నాడు. నిప్పురవ్వ లేదు. ఇంజనులో ఒక ప్లగ్గు విప్పి వాసన చూశాడు. పొడిగా ఉంది. పెట్రోలూ రావడం లేదు. ఆయన లేచి నిలబడి, వేళ్ళు మడుస్తూ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"కరెంటూ నేదు, పెట్రోలూ నేదు. ఒక్కటి పోతే ఒక్కదాని తప్పు. రెండూ ఒక్కసారి ఎలిపోనాయంటే, ఆ రెండిటికీ సెప్పేవోడు ఒకడున్నాడు, ఆడు మూగోడైపోనాడు."

బండి కిందకి దూరాడు. ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట ఒక మూలకి సీసాలో నీళ్ళు సన్నగా పోశాడు. అక్కడే, ఒక్కచోటే. బయటికి వచ్చి తిప్పమన్నాడు. తిప్పాను. వెంటనే స్టార్టయింది. గోనె లేదు, ఎదురుచూపు లేదు.

"సూసేరా? మీ గోనె పైన కప్పుతుంటే ఇంజనంతా సల్లబడేదాకా ఆగాల్సొచ్చేది. ఈడు కింద మూల కూకున్నాడు."

ఆ కూర్చున్నవాడి పేరు క్రాంక్ సెన్సర్. నాకు అర్థమైనట్టు చెబుతాను. ఇంజను లోపల అన్నిటినీ తిప్పే ఇరుసు ఒకటి ఉంటుంది, దాంతోపాటు పళ్ళున్న చక్రం ఒకటి తిరుగుతుంది. ఈ సెన్సర్ ఆ పళ్ళకి దగ్గరగా కూర్చుని, ఏ పన్ను ఎప్పుడు దాటిందో కంప్యూటరుకి చెబుతూ ఉంటుంది. దాని మాట విని కంప్యూటరు నిప్పురవ్వనీ పెట్రోలునీ వేళకి పంపుతుంది. నా బండిలో దాని లోపలి సన్నని తీగ ఎక్కడో చిట్లింది. వేడికి విడిపోతుంది, చల్లబడితే కలుస్తుంది. చెప్పేది ఆగిపోతే వినేవాడికి దిక్కు తోచదు. ఈ చివరి వాక్యం మెకానిక్‌ది కాదు, నాది.

కొత్త సెన్సర్ విశాఖపట్నం నుంచి రావాలి. మా వైపు సామాన్లు బస్సు డ్రైవర్ల చేతికిచ్చి పంపడం మామూలే. షాపువాళ్ళు ఎవరి చేతికిచ్చారంటే, మా బావ చేతికే. అనకాపల్లి బస్టాండులో బస్సు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి పొట్లం బయటికి వచ్చింది, వెనకే ఆయన మొహం.

"ఏటి బావా ఇది? బొటనవేలంత ఉన్నాది. దీనికోసమేనా ఇంత గోల?"

"నువ్వు చూసిన బంగారంలో తరుగు బావా."

బస్సులో ముందు సీటాయన నవ్వాడు. బావ నవ్వలేదు. హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

బిగించిన పద్ధతి చెప్పాలి, ఎందుకంటే నేను ఫోటోగ్రాఫర్ని, చేతుల పనితనం నాకు తెలుస్తుంది. ముందు బ్యాటరీ వైరు విప్పాడు. ఇంజను పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోలేదు. వైరు క్లిప్పుని లాగకుండా, నొక్కి జారవిడిచాడు. ఒకే బోల్టు. అది వచ్చింది కాని సెన్సర్ రాలేదు, ఏళ్ళ తుప్పుతో పట్టుకుపోయింది. ఇంకొకడైతే సుత్తి తీసేవాడు. ఈయన నూనె చుక్కలు వేసి, టీ తాగి వచ్చి, అటు వెంట్రుకవాసి, ఇటు వెంట్రుకవాసి తిప్పుతూ కూర్చున్నాడు. "విరిగి ముక్క లోపల పడిందంటే ఇంజనంతా దింపాల. దీనితో తొందర పనికిరాదు." అంత పెద్ద గొంతు మనిషి ఆ పని చేస్తున్నంతసేపూ ఊపిరి కూడా నెమ్మదిగా తీశాడు. డార్క్‌రూములో చీకట్లో రీలు చుట్టేటప్పుడు నా వేళ్ళు అలాగే ఉండేవి. కంటికి కనపడని చోట చేతితో చూడటం అందరికీ రాదు. సెన్సర్ బయటికి వచ్చాక ఆ రంధ్రం చుట్టూ మెత్తని గుడ్డతో తుడిచాడు. కొత్తదాని రబ్బరు చుట్టుకి నూనె రాసి, చేత్తోనే నొక్కి కూర్చోబెట్టాడు. బోల్టు ముందు వేళ్ళతో తిప్పి, చివర్లో మాత్రమే పానా పెట్టాడు. వైరు సైలెన్సరు గొట్టానికి తగలకుండా దూరంగా కట్టాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను అడిగింది కాదు. పాత సెన్సర్ పట్టుకుని పక్క హోటలుకి నడిచాడు. కరెంటు కొలిచే మీటరు తీగలు దానికి తగిలించి, అక్కడున్నవాళ్ళందర్నీ పిలిచాడు. టాక్సీ స్టాండు పెద్దాయన కూడా ఉన్నాడు, గోనె వైద్యం చెప్పినాయన. మీటరులో అంకె కనపడుతోంది. టీ మాస్టరుని మరిగే నీళ్ళు ఒక గ్లాసులో పొయ్యమని, సెన్సర్ కొసని అందులో ముంచాడు. అందరం తలలు వంచి చూశాం. కాసేపు అంకె అలాగే ఉంది. తర్వాత చెదిరింది. తర్వాత మాయమైంది. తీసి చన్నీళ్ళలో పెడితే మళ్ళీ వచ్చింది.

"సూసేరా? ఈ బాబు ఇన్నాళ్ళూ సెప్పింది నిజం. బండి ఆగిందంటే ఆగింది. ఇంక ఎవడైనా ఈయన కాలు తప్పంటే నా కాడికి పంపండి."

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "మరి మా గోనె?"

"మీ గోనె అంబాసిడర్‌కి గొప్పదే మావా. కాదన్నానా? ఇది ఏరే పురుగు."

పెద్దాయన గౌరవం పోలేదు, నా గౌరవం వచ్చింది. ఒక్క మాటతో రెండు పనులు చేసే మనిషిని మళ్ళీ చూడలేదు.

పెళ్ళిరోజు ఆయన మా బండిలోనే వచ్చాడు. పిలిచింది నేనే. "నేను పెట్టింది ఎలా నడుస్తందో నేనే సూడాల" అని ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక నా భార్య, పళ్ళ బుట్టలు. ఎండ మండిపోతోంది. కశింకోట, ఎలమంచిలి, నక్కపల్లి. ఆగలేదు. చర్చి కిటికీ పక్కన నీడలో బండి నిలిపాను. నిలిపాను కాని ఇంజను ఆపలేదు.

నా భార్య తాళం వైపు చూసింది. "ఆపండి."

"ఆగకపోవడమే కదా ఇన్నాళ్ళూ అందరూ అడిగింది" అన్నాను. ఆవిడ పళ్ళ బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

లోపల కీర్తనలు అయ్యాయి, పాస్టరు అయ్యగారి ప్రసంగం మొదలైంది. బయట నా ఇంజను సన్నగా, ఒకే శ్రుతిలో నడుస్తోంది. మెకానిక్ బానెట్ మీద చెయ్యి ఆనించి, జ్వరం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు. కాసేపటికి బావ చెమటలు తుడుచుకుంటూ పక్క తలుపులోంచి బయటికి వచ్చాడు.

"బావా, బండి ఆపు. ప్రసంగం ఇనబడ్డం నేదు."

"ఆగదు బావా."

"అందరూ సూత్తన్నారు."

"చూడనీ. ఒకటి చెప్పు, ఆపేస్తాను. బండి ఆగుతుందని నీకు ముందే తెలుసా, తెలీదా?"

బావ నన్ను చూశాడు, మెకానిక్‌ని చూశాడు. ఇంతలో లోపల్నుంచి ఎవరో పెళ్ళికూతురి తండ్రిని రమ్మని పిలిచారు. ఆయన వెళ్ళిపోయాడు. జవాబు చెప్పకుండానే.

మెకానిక్ నావైపు వంగి, నెమ్మదిగా అన్నాడు. "బండి నెగ్గింది బాబూ. ఇంక ఆపండి. ఆ పిల్ల మాటిచ్చే టయిము."

ఆయన చెప్పాడు కాబట్టి ఆపాను. ఆ రోజు నేను తీసిన ఫోటో ఒక్కటే. చర్చి గోడ, తెల్ల కారు, దాని బానెట్ మీద చెయ్యి వేసి, ఛాతీ విరుచుకుని ఆయన. ఆ ఫోటో స్టూడియోలో మంచి చోట పెట్టాను. స్టూడియో మూసేశాక ఇంట్లో పెట్టాను. దాన్ని చూసినవాళ్ళు మీ చుట్టమా అని అడుగుతారు. అవునంటాను.

తుని ఫోటోగ్రాఫర్ వీడియో కూడా తీశాడు. బావవాళ్ళింట్లో ఇప్పటికీ ఆ క్యాసెట్‌ని సీడీ చేయించి చూస్తారు. అయ్యగారి ప్రసంగం వెనక సన్నగా ఒక మోత వినపడుతుంది. అది నా ఇంజను. ఆ మోత వచ్చినప్పుడల్లా బావ లేచి మంచినీళ్ళకి వెళతాడు. నేను చూస్తూనే ఉన్నాను.

ఆ షెడ్డు రోడ్డు వెడల్పులో పోయింది. ఆయన ఊరి చివర ఇంకో షెడ్డు వేసుకున్నాడు. మొన్నామధ్య వెళితే ఎవరిదో బండి ముందు అదే పాత గొంతుతో అంటున్నాడు, "మొదట్నుంచి సెప్పండి, ఏదీ వదలకండి" అని. ఎంత మంది మాట ఎంత ఓపిగ్గా విన్నాడో ఆ మనిషి. నాకు గుడి కట్టే శక్తి ఉంటే ఆ మాటకి కట్టేవాణ్ణి.

ఇక బావా, ఇది నీకు. నేనే తెచ్చి నీ చేతికిస్తాను, చదివి వినిపిస్తాను కూడా. బండి బంగారమని నువ్వు నమ్మితే నా చేతుల్లో పెరిగిన పిల్ల పెళ్ళి ఫోటోలు తునివాడికి ఎందుకిచ్చావు? ఆగిపోతుందని నీకు ముందే తెలిస్తే, నలుగురిలో నా కాలుని ఎందుకు తప్పుపట్టావు? రెండూ ఒకేసారి నిజం కాలేవు. రెండింట్లో ఏది? కాఫీ చల్లారితే చల్లారనీ, మళ్ళీ పెట్టిస్తాను. ఈసారి జవాబు చెప్పాకే లే.